జతలేని పరమాణువులతో చెన్నైలో నాలుగు రోజులు

చెన్నై నుంచి తిరిగొచ్చిన మర్నాడు స్టాఫ్ రూములో అందరూ ఒకటే అడిగారు, ఏం చీర తెచ్చావని. చీర తేలేదు. బీచి కూడా బస్సు కిటికీలోంచి చూసిందే. నేను తెచ్చుకున్నది ఒక తప్పు. ఆరేళ్ళుగా నా దగ్గరే ఉండి నాకు కనబడని తప్పు. మా ఒంగోలు వాళ్ళకి చెన్నై కొత్తేమీ కాదు. కంటి ఆపరేషన్లకీ పెళ్ళి బట్టలకీ వెళ్తూనే ఉంటారు. పరమాణువుల కోసం వెళ్ళినదాన్ని మాత్రం బహుశా నేనొక్కదాన్నే. అందుకని, వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

గూడూరు వచ్చేలోపు

రైల్లో నా ఎదుటి సీట్లో కావలిలో ఒకావిడ ఎక్కింది. ఒడిలో పెద్ద స్టీలు డబ్బా, అందులో చేపల పులుసు. ఎన్నూరులో ఉన్న కూతురికి తీసుకెళ్తోంది. అల్లుడు ఆడ కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడట. "ఆ నీళ్ళల్లో చేపలు తింటే నోరంతా నూనె వాసన మేడమ్. అందుకని మోసకపోతా ఉండా" అంది. రైలు బయల్దేరి పది నిమిషాలు కాకముందే అసలు ప్రశ్నకి వచ్చింది.

"మీ ఆయన రాలేదా మేడమ్?"

"ఆయన లేడమ్మా."

ఆవిడ ముఖం వాడిపోయింది. "అయ్యో. ఎప్పుడు పోయినారు?"

"ఎప్పుడూ రాలేదు."

అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది. తర్వాత డబ్బా ఊగేలా నవ్వింది. నలభై నాలుగేళ్ళు వచ్చాక ఈ ప్రశ్నకి ఇంతకంటే పొట్టి జవాబు నాకు దొరకలేదు. కొందరికి కోపం వస్తుంది. ఈవిడ మూత తీసి ఆకులో రెండు ముక్కలు పెట్టింది. బెండకాయ, మామిడికాయ వేసిన నెల్లూరు పులుసు. మా ఇంట్లో చేపల పులుసులో మామిడికాయ వేస్తే నేనే గొడవ పడేదాన్ని. ఇక పడను.

ఏం పని మీద వెళ్తున్నానో అడిగింది. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్తాను. ఎనిమిదేళ్ళుగా పీహెచ్‌డీ కూడా చేస్తున్నాను, సెలవుల్లో, ఆదివారాల్లో. ఈ జూన్‌తో గడువు అయిపోతుంది. ఇంకొక్కసారి పొడిగించమని అడగొచ్చు, ఇవ్వడం వాళ్ళ ఇష్టం. ఈలోపు ఒక పేపరైనా అచ్చుకి వెళ్ళాలి. లేకపోతే ఎనిమిదేళ్ళూ గాల్లో కలిసినట్టే. చెన్నైలో నాలుగు రోజుల సదస్సులో నా పని పోస్టరుగా పెట్టి, చివరి రోజు పదిహేను నిమిషాలు మాట్లాడే అవకాశం వచ్చింది. అక్కడ పెద్దవాళ్ళు ఊఁ అంటే పేపరు పంపెయ్యొచ్చు. ఇవన్నీ ఆవిడకి చెప్పలేదు, పరమాణువుల సంగతి మాత్రం చెప్పాను.

లిథియం వాయువుని ఊహించలేనంత చల్లబరుస్తారు, అంతకంటే చల్లబడటం కుదరని పరమ శూన్య ఉష్ణోగ్రతకి డిగ్రీలో కోటో వంతు పైన దాకా. అందులో రెండు రకాల పరమాణువులు ఉంటాయి, ఎర్రవీ నల్లవీ అనుకోండి. ఆ చలిలో ఒక ఎర్రదీ ఒక నల్లదీ జత కడతాయి. జతలన్నీ కలిసి ఒరిపిడి అన్నదే లేకుండా ప్రవహిస్తాయి. దాన్ని సూపర్‌ఫ్లూయిడ్ అంటారు. రెండు రకాలూ సమానంగా ఉంటే పేచీ లేదు. ఎర్రవి ఎక్కువ, నల్లవి తక్కువ ఉంటే ఏమవుతుందన్నది నా లెక్క.

"మరి మిగిలినోళ్ళు ఏడుంటారు మేడమ్?" అంది ఆవిడ.

సరిగ్గా ఇదే ప్రశ్న నా పోస్టరు మొదటి వాక్యం. "నా లెక్క ప్రకారం, వాళ్ళూ జతల మధ్యనే కలిసిమెలిసి ఉంటారు" అన్నాను.

"మంచి లెక్కే" అని ఇంకో ముక్క పెట్టింది. ఆ పూట నేను చాలా సంతోషంగా ఉన్నాను.

కోడంబాక్కం

సెంట్రల్ దగ్గర ఆటో అతను మూడొందల యాభై అన్నాడు. నేను ఇంగ్లీషులో పోట్లాడి మూడొందలకి దించాను. ఆ ఘనకార్యం గురించి విజయత్తకి చెప్తే తలపట్టుకుంది. "లోకల్ ట్రైను అయితే టీ ఖర్చు కూడా కాదు కదమ్మా. సరి, పోనీ. ఈడ కూర్చో, ఎండ రొంబ జాస్తి, కాఫీ తాగు ముందు."

విజయత్త పుట్టింది, పెరిగింది చెన్నైలోనే. మా అమ్మకి తమ్ముడి వరసయ్యే భాస్కరం మామయ్య మాత్రం మా వైపు వాడు. నలభై ఏళ్ళ కిందట సినిమాల్లో డాన్సు చేయడానికి వచ్చాడు. హీరో వెనకాల మూడో వరసలో గంతులేసే గ్రూపులో పాతికేళ్ళు ఉన్నాడు. తర్వాత డాన్సు మాస్టర్లకి అసిస్టెంటు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి, ఇంటి మేడ మీద స్టేజీ ప్రోగ్రాముల గ్రూపులకి రిహార్సలు పెట్టిస్తున్నాడు. ఆ ఇంట్లో భాషల పద్ధతి చూసి తీరాలి. అత్త నాతో తెలుగు, కూరగాయలావిడతో తమిళం. మనవరాళ్ళని తెలుగులో కేకేస్తే వాళ్ళు తమిళంలో జవాబిస్తారు. మామయ్య నలభై ఏళ్ళయినా ఒంగోలు యాస వదల్లేదు.

"ఏమే లలితా, నీ లెక్కలు ఇంకా తెమల్లేదా?" అన్నాడు నన్ను చూడగానే.

"నీ మూడో వరస తెమలడానికి ఎన్నేళ్ళు పట్టింది మామయ్యా?"

"అది తెమల్లేదు, మోకాళ్ళే తెమిలాయి" అన్నాడు.

మర్నాడు పొద్దున అత్త వాకిట్లో ముగ్గు వేస్తుంటే చూశాను. మా వైపు ముగ్గు పిండి పొడిగా వేళ్ళ సందులోంచి జారుతుంది. అత్త తడి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి పిండుతూ గీస్తుంది. ఆరాక గోడకి సున్నం వేసినంత తెల్లగా తేలింది. నేనూ ఒక గీత వేస్తానని కూర్చుని చీర కుచ్చిళ్ళ నిండా పిండి నీళ్ళు పోసుకున్నాను. ఆ మరకతోనే సదస్సుకి వెళ్ళాను, మార్చుకునే టైము లేక.

వరండాలో నల్లబల్లలు

సదస్సు జరిగింది సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక పరిశోధన సంస్థలో. చెట్ల నీడలో పొడుగాటి వరండాలు, వరండా గోడలకి నల్లబల్లలు. ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తూ మధ్యలో ఆగి గోడ మీద లెక్క వేసుకుని మళ్ళీ నడుస్తారు. మా కాలేజీలో వరండా గోడల మీద ఫీజుల నోటీసులు ఉంటాయి. అసూయ పడ్డానని దాచుకోను.

రెండో రోజు పోస్టరు తగిలించి నిలబడ్డాను. పొద్దుటి నుంచీ వచ్చిన వాళ్ళు ఆగి, తలాడించి వెళ్ళారు. మధ్యాహ్నం క్యాంటీన్లో యాభై రూపాయలకి భోజనం. మనకి మొదట పప్పూ పచ్చడీ, వీళ్ళకి మొదట సాంబారు. తర్వాత రసం, ఆఖర్న మజ్జిగ. ఆ రసం ఒక గుక్క తాగి "అబ్బ, ఏం మిరియాలు" అని గొణుక్కున్నాను.

"ఈడ రసం అట్లనే ఉంటుంది మా. అలవాటు అయిపోతుంది" అంది పక్కనున్న ఆవిడ.

తెల్ల జుట్టు, నూలు చీర, కాళ్ళకి స్పోర్ట్సు బూట్లు. ప్రొఫెసర్ కస్తూరి. ఇలాంటి వాయువుల్ని లేజర్లతో చల్లబరిచే ప్రయోగశాల నడిపే మనిషి. ఆవిడ పేపర్లు ఎనిమిదేళ్ళుగా చదువుతున్నాను. ఆవిడతో ఎలా మాట్లాడాలో ఇంగ్లీషు వాక్యాలు రాసుకుని మరీ వచ్చాను. తీరా చూస్తే ఆవిడది మూడు తరాలుగా చెన్నైలో ఉన్న తెలుగు కుటుంబమట. "ఇంట్లో తెలుగు దానే. కానీ వంటింటి తెలుగు. ఫిజిక్సు అందులో చెప్పడం రాదు" అంది. భోజనమయ్యాక నా పోస్టరు ముందుకి వచ్చింది. చాలాసేపు చదివింది. చివరికి నా జవాబు ఉన్న చుక్క మీద వేలు పెట్టింది.

"ఈడ వాలు సున్నా అంటారు. సరి. ఇది గుంటా, గుట్టా? చూసినారా?"

నేను కూడా వంగి ఆ చుక్కనే చూశాను.

ఇదేమంత కష్టమైన ప్రశ్న కాదు. ఏ వ్యవస్థ అయినా తన శక్తి అన్నిటికంటే తక్కువగా ఉన్న చోట స్థిరపడుతుంది, బంతి గుంటలో ఆగినట్టు. ఆ చోటు కనుక్కోవాలంటే శక్తి గీతలో వాలు సున్నా అయ్యే చోటు వెతుకుతాం. కానీ వాలు గుంట అడుగునా సున్నానే, గుట్ట నెత్తినా సున్నానే. ఏది ఏదో తేల్చుకోవడానికి ఇంకొక్క మెట్టు లెక్క వెయ్యాలి. ప్రతి ఏడాదీ ఫస్టియర్ పిల్లలకి బోర్డు మీద చెప్తాను. వెయ్యని వాళ్ళకి మార్కులు కోస్తాను. ఆరేళ్ళలో ఆ మెట్టు నేనే ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదంటే చాలా కారణాలు చెప్పొచ్చు. సమీకరణానికి జవాబు వచ్చింది, కంప్యూటరు ఒప్పుకుంది, మా గైడు రంగనాయకులు గారు బాగుందన్నారు. అసలు కారణం వేరు. ఆ జవాబు నాకు నచ్చింది. మిగిలినవి కూడా జతల మధ్యనే ఉంటాయన్న మాట నాకు ఎంత నచ్చిందంటే, దాన్ని అనుమానించాలని తోచలేదు.

"ఈ రోజు చూసి చెప్తానండీ" అన్నాను.

"తొందర లేదు మా" అంది ఆవిడ. కానీ నాకుంది.

మైలాపూరు, రెండు కాఫీలు

మధ్యాహ్నం ఉపన్యాసాలు ఎగ్గొట్టి లోకల్ రైలెక్కాను. ఎటు పోతుందో చూసుకోలేదు. ఊరి శివారు దాకా వెళ్ళి, ఆఖరి స్టేషన్లో అందరూ దిగాక తెలిసింది. అదే రైల్లో వెనక్కి వచ్చి మైలాపూరులో దిగి, రద్దీ వీధిలో ఒక కాఫీ హోటల్లో మూల బల్ల చూసుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. గీత మొత్తం గీయడానికి గంటన్నర పట్టింది.

గుట్ట. ఎలా తిప్పి చూసినా గుట్టే. నా చుక్క దాని నెత్తిన కూర్చుని ఉంది.

అంటే నా వాయువు అక్కడ ఒక్క క్షణం కూడా నిలవదు. జారిపోయి రెండుగా విడిపోతుంది. జతలన్నీ మధ్యలో ముద్దగా చేరతాయి, మిగిలినవి అంచులకి నెట్టేయబడతాయి. ప్రయోగశాలల్లో దీనికి ఫొటోలు కూడా తీశారు. ఆ ఫొటోలు నేను చూడలేదని కాదు. వాయువుని పట్టి ఉంచే పాత్ర ఆకారం వల్ల అలా కనిపిస్తోందని పోస్టరులో ఒక మూల సర్దిచెప్పాను.

మా ఇంటి పెళ్ళిళ్ళలో గ్రూపు ఫొటో అనగానే దంపతులంతా మధ్యలో సర్దుకుంటారు. "లలితా, నువ్వు కాస్త ఆ చివరికి" అని ఎవరో ఒకరు అంటారు. పరమాణువుల సంగతిని మనుషులకి అన్వయించకూడదని పిల్లలకి గట్టిగా చెప్పే మనిషిని నేను. ఆ పూట అన్వయించుకున్నాను. ఏడుపొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ తుమ్మినట్టు నటించాను.

సర్వరు ఒక పెద్దాయన. నా ముందున్న గ్లాసు చూసి "ఆరిపోచ్చు మా" అని తీసుకెళ్ళాడు, కాఫీ చల్లారిపోయిందని. అడక్కుండానే పొగలు కక్కే ఇంకో కాఫీ తెచ్చిపెట్టాడు. బిల్లులో ఒకటే వేశాడు, నలభై రూపాయలు. రెండు తాగానని వేళ్ళతో చూపిస్తే, చెయ్యి ఊపి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు తమిళం రాదు. వచ్చుంటే ఆయనకి ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్ని.

మేడ మీద పదకొండు మంది మగవాళ్ళు

మూడో రోజు సదస్సుకి తలనొప్పి అని ఫోన్లో అబద్ధం చెప్పి ఇంట్లోనే ఉన్నాను. మర్నాడు నా ప్రసంగం. మానేస్తానని ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను, పంపడమే తరువాయి. సాయంత్రం అత్త "ఆడ మేడ మీద గాలి తగుల్తుంది, పో మా" అని తరిమింది.

మేడ మీద రిహార్సలు నడుస్తోంది. ఏదో కంపెనీ వార్షికోత్సవానికి గ్రూపు డాన్సు. మగవాళ్ళు పదకొండు మంది వచ్చారు, ఆడవాళ్ళు ఏడుగురే. మామయ్య కుర్చీలో కూర్చుని కర్రతో నేల మీద చోట్లు చూపిస్తున్నాడు. మొదట నెమ్మది పాట. ఏడు జతల్ని మధ్యలో పెట్టాడు. మిగిలిన నలుగురినీ ఇద్దరేసి చొప్పున చెరో అంచుకి పంపాడు.

నాకు ఒళ్ళు మండింది. "వాళ్ళని అలా చివరికి తోసెయ్యకుండా మధ్యలో పెట్టకూడదా?" అన్నాను. అవసరం లేని కోపం. మామయ్య నన్ను వింతగా చూశాడు.

"నెమ్మది పాటలో జతలు చేతులు వదలవే. మధ్యలో ఒంటిగాణ్ణి పెడితే వాడికి కదలడానికి సందుండదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. చూసేవాళ్ళ కళ్ళు వాడి మీదే ఉంటాయి. వాడే ఓ నిమిషానికి పక్కకి జరిగిపోతాడు. పాతికేళ్ళు నేనే జరిగాను."

తర్వాత దరువు పాట పెట్టించాడు. ఈసారి కర్ర చూపించి ఆ నలుగురినీ జతల మధ్యకి పంపాడు. ఎవరూ ఎవరికీ అడ్డం రాలేదు.

"ఇప్పుడెలా కుదిరింది?"

"బీటు ఎక్కింది కదా. జతలు విడిపోతుంటాయి, మళ్ళీ కలుస్తుంటాయి. విడిపోయినప్పుడల్లా సందు దొరుకుతుంది. ఆ సందుల్లో వీళ్ళు దూరతారు. జత జతే, వీళ్ళూ ఉంటారు. ఇది గ్రూపులో చేరిన మొదటి వారమే తెలిసిపోద్ది."

నా లెక్క మొత్తం పరమ శూన్యం దగ్గర చేసింది. శూన్యం దగ్గర లెక్క శుభ్రంగా ఉంటుందని గైడు గారు చెప్పారు, అక్కడే ఆరేళ్ళు ఉండిపోయాను. అక్కడ ఒక్క జత కూడా చెయ్యి వదలదు. కాస్త వేడి ఉంటే కొన్ని జతలు విడిపోతాయి, ఖాళీలు పుడతాయి. ఉష్ణగతిక శాస్త్రం మొత్తం ఉన్నదే దీని గురించి. పాఠంగా నాకు తెలియనిది కాదు. నా ప్రోగ్రాములో వేడి అన్న అంకె ఎదురుగా సున్నా అని నేనే రాసి, మళ్ళీ దాని వంక చూడలేదు.

తెల్లవారి ఐదింటికి లేచి కూర్చున్నాను. అంకె మారిస్తే సరిపోలేదు. శూన్యం దగ్గర మెట్టులా తెగిపడే సూత్రాన్ని వేడిలో వాలుగా దిగేలా తిరిగి రాయాల్సి వచ్చింది. మొదటి ఉష్ణోగ్రతకి గుట్ట కొంచెం అణిగింది, అంతే. అత్త ఇడ్లీ పెట్టింది, తిన్నానో లేదో గుర్తులేదు. రెండో దానికి ఇంకొంచెం వేడి పెంచాను. గీత పూర్తయ్యేసరికి పదిన్నర. చుక్క అదే, మిగిలిన వాటి సంఖ్య అదే. ఈసారి చుక్క గుంట అడుగున ఉంది.

"అత్తా, గుంట" అన్నాను.

"ఏడ మా?" అని అత్త నేల చూసింది.

పదిహేను నిమిషాలు

పోస్టరు నేనే విప్పి చుట్టేశాను. మాట్లాడే వంతు వచ్చాక బోర్డు మీద గుట్ట గీశాను. దాని నెత్తిన చుక్క పెట్టాను. "ఆరేళ్ళు నేను ఈ చుక్కని గుంట అనుకున్నాను. ఇది గుట్ట. నా పోస్టరులోది తప్పు" అని ఇంగ్లీషులో చెప్పాను. రాసుకున్న వాక్యాలేవీ పనికిరాలేదు. ముందు వరసలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సుద్దముక్క నా చేతిలో చెమటకి మెత్తబడింది. తర్వాత పక్కన రెండో గీత గీశాను, పొద్దున వచ్చినది. గుంట వచ్చింది ఈ ఒక్క ఉష్ణోగ్రత దగ్గరేనని కూడా చెప్పి ఆగిపోయాను. ఇంకా ఏడు నిమిషాలు మిగిలాయి.

కస్తూరి గారు ఎంత ఉష్ణోగ్రత అని అడిగారు. చెప్పాను. ఆవిడ ఏదో రాసుకుని, ఇంగ్లీషు వదిలేసి, అంతమంది ముందు వంటింటి తెలుగులోకి దిగింది.

"మేము ఎంత చల్లబరిచినా దీనికి కొంజం పైనే ఆగిపోతాం మా. సున్నా మాకు ఏడ దొరుకుతుంది? సున్నా లెక్కలు శానా మంది చేసినారు. నాకు కావాల్సింది ఈ లెక్క. ఈ పక్క ఇంకో నాలుగు పాయింట్లు చేసి పంపండి, మా వాయువుతో పోల్చి చూస్తాం."

బయటికొచ్చాక వరండా నల్లబల్ల దగ్గర ఆగి, అవసరం లేకపోయినా ఒక గుంట గీసి వచ్చాను. చూసేవాళ్ళకి అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

ఒంగోలు, గైడు గారి వరండా

రైల్లో గడువు పొడిగింపు ఫారం నింపాను. అందులో ఆలస్యానికి కారణం అని ఒక గడి ఉంటుంది. కిందటేడు అనారోగ్యం అని రాశాను, అంతకు ముందేడు కాలేజీ పని ఒత్తిడి. ఈసారి "ఫలితంలో తప్పు దొరికింది, దిద్దుతున్నాను" అని రాశాను. దాని మీద రంగనాయకులు గారు సంతకం పెట్టాలి. ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. నా పనిని ఊరంతా చెప్పుకునే మనిషి. చెన్నైలో అంతమంది ముందు ఒప్పుకున్నదానికంటే ఆయన ముందు చెప్పడానికి ఎక్కువ భయపడ్డాను.

రెండు గీతలూ ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు.

"సున్నా దగ్గర చెయ్యమన్నది నేనే కదమ్మా" అన్నారు.

"చెయ్యమన్నది మీరే సార్. చూసుకోవాల్సింది నేను."

ఫారం తీసుకుని గడిలో రాసింది రెండుసార్లు చదివారు. "ఇలా రాస్తే ఇస్తారంటావా?"

"తెలీదు సార్."

సంతకం పెట్టారు. ఫారం ఇచ్చారు గానీ పెన్ను జేబులో పెట్టుకోలేదు.

"ఆవిడ ఎన్ని పాయింట్లు అడిగింది?"

"నాలుగు."

"రెండు నాకివ్వు" అన్నారు. ఎనిమిదేళ్ళలో ఆయన నా లెక్కలో చెయ్యి పెడతాననడం అదే మొదటిసారి.

గడువు సంగతి ఇంకా తెలియలేదు. పాయింట్లు మాత్రం నాలుగింట్లో మూడయ్యాయి, అందులో ఒకటి ఆయనది. మూడూ గుంటలే.